నేను సంతకం పెట్టని దూలం

ఆ రోజుల్లో సౌదీలోని అల్ ఖోబర్‌లో తెలుగువాడికి తెలుగువాడు ఎదురైతే "బాగున్నారా" అని అడిగేవాడు కాదు, "మీ కంపెనీ ఏ రంగు" అని అడిగేవాడు. నితాఖత్ అనే చట్టం వచ్చాక కంపెనీలన్నిటికీ రంగులు వచ్చాయి. సౌదీ వాళ్ళను తగినంతమందిని ఉద్యోగాల్లో పెట్టుకున్న కంపెనీ పచ్చ, పెట్టుకోనిది ఎరుపు. ఎరుపులో పడితే అక్కడ పనిచేసేవాడి ఇఖామా రెన్యువల్ కాదు (ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, అది చెల్లకపోతే మనిషి కూడా చెల్లడు). దానికి తోడు అప్పుడే ఫ్యామిలీ లెవీ మొదలైంది. భార్యకింత, పిల్లకింత అని తలల లెక్కన కట్టాలి. ఇక శుక్రవారం వచ్చిందంటే మా వీధిలో మెట్ల మీదుగా సోఫాలు, ఫ్రిజ్‌లు, చిన్నపిల్లల సైకిళ్ళు కిందకు దిగేవి. రెండు మూడు రోజులకు వాటి వెనకే తల్లీపిల్లలు దిగి ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోయేవాళ్ళు. నాకు పెళ్ళి కాలేదు, సోఫా లేదు. నాకున్నవల్లా ఒక పరుపు, ఒక రైస్ కుక్కర్, ఎవరి మాటా వినని పొగరు. మొదటి రెండూ తిరిగి వచ్చేటప్పుడు ఎవరికో ఇచ్చేశాను. మూడోది నా చేత ఏం చేయించిందో చెబుతాను.

మాది చిన్న ఆఫీసు. కింద టైర్ల దుకాణం, పైన మూడు గదులు. చుట్టుపక్కల యార్డుల్లో తయారయ్యే ట్యాంకులు, బ్రాకెట్లు, దూలాలు వాటికి చెప్పిన బరువు మోస్తాయో లేదో లెక్కగట్టి, రిపోర్టు రాసి, సంతకం పెట్టి, సీలు వేసి ఇవ్వడం మా పని. మా మేనేజర్‌ను అందరం గోదావరి సార్ అనేవాళ్ళం. రాజమండ్రి అవతల ఏదో ఊరు ఆయనది. మాట ఎంత మెత్తగా ఉండేదంటే, ఆయన తిట్టాడని తెలుసుకోవడానికి మనకు ఇంటికెళ్ళి స్నానం చేసి పడుకునేదాకా పట్టేది. లెవీ దెబ్బకు ఆ నెలే భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఊరికి పంపేశాడు. అప్పటినుంచి ఇంటికి వెళ్ళబుద్ధి కాక ఆఫీసులోనే ఎక్కువసేపు ఉండేవాడు. నేను ప్రొద్దుటూరు నుంచి హైదరాబాదు మీదుగా, రెండేళ్ళ అనుభవంతో, ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడి నడకతో అక్కడికి చేరాను.

నా పని పేరు ఫైనైట్ ఎలిమెంట్ స్ట్రెస్ అనాలిసిస్. పేరు చూసి భయపడకండి. ఒక ఇనుప వస్తువు బొమ్మను కంప్యూటర్‌లో గీసి, దాన్ని చిన్నచిన్న గళ్ళుగా కోస్తాం. ఎక్కడ పట్టుకున్నారో, ఎక్కడ బరువు వేలాడుతోందో చెబుతాం. ఒక్కో గడి మీద ఎంత ఒత్తిడి పడుతోందో కంప్యూటర్ లెక్కగట్టి బొమ్మకు రంగులు పూస్తుంది. నీలం అంటే ఇనుము హాయిగా ఉందని, ఎరుపు అంటే కష్టాల్లో ఉందని (ఆ ఏడాది ఎరుపు ఎవరికీ అచ్చిరాలేదు). ఈ పిచ్చి నాకెంత ముదిరిందంటే హోటల్లో పరోటా ముందు పెట్టినా దాని మీద మనసులో గళ్ళు గీసి, ఎక్కడ చింపితే తేలికగా చిరుగుతుందో చూసేవాణ్ణి. ఈ మాట ఒకసారి దమ్మాం యార్డులో నోరుజారి చెప్పడంతో అక్కడి మేస్త్రీ అన్న నాకు "గళ్ల సారు" అని పేరు పెట్టాడు. అది ఖోబర్ దాకా పాకింది.

యాన్బులో ఒక ప్లాంటుకు పంపాల్సిన ఇరవైనాలుగు టన్నుల వెసెల్ ఒకటి ఆ యార్డులో తయారైంది. వెసెల్ అంటే ఇల్లంత ఇనుప డ్రమ్ము అనుకోండి. దాన్ని ట్రైలర్ మీదకు ఎత్తడానికి అదే యార్డులో ఒక దూలం చేశారు. దూలం నడుమ ఒక మందపాటి ప్లేటు, దానికి క్రేన్ కొక్కెం తగిలిస్తారు. రెండు చివర్ల నుంచి వెసెల్ వేలాడుతుంది. అంతే. ఈ దూలం లెక్క మొదలుపెట్టిన పాత ఇంజనీరు మధ్యలోనే ఎగ్జిట్ (దేశం విడిచి పోయే ముద్ర) కొట్టించుకుని వెళ్ళిపోతే ఆ ఫైలు నా బల్ల మీదకు వచ్చింది. దూలానికి కుడీ ఎడమా ఒకటే కాబట్టి సగమే గీసి, సగం బరువే పెట్టి లెక్క చేయవచ్చు. ఈ పద్ధతి అందరూ చేసేదే. నేనూ అలాగే చేశాను. ఇనుము మీద పడే ఒత్తిడి తొంభై ఎనిమిది అని వచ్చింది, హద్దు నూట అరవై ఐదు (యూనిట్లు చెప్పి విసిగించను, హద్దు దాటకూడదన్నంత వరకు గుర్తుంచుకుంటే చాలు). బొమ్మ నిండా నీలం. గోదావరి సార్ ఆ బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పుట్టిన పిల్లను చూసినట్టు చూసి, "ఎంత చల్లగా ఉందయ్యా" అన్నాడు. రంగుల్లో ప్రింటు తీయించి, బైండింగుకు పంపమన్నాడు.

అప్పుడు అడిగాడు పచ్చ ఇంజనీరు. ఈయన సౌదీ. కాలేజీ నుంచి నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. ఆయన చేరిన వారమే మా ఆఫీసు ఎరుపు నుంచి గట్టెక్కింది కాబట్టి ఆ పేరు. మేమంతా ఆయన్ను లెక్క కోసం కుర్చీలో కూర్చోబెట్టిన మనిషిగానే చూశాం. గావా (అరబ్బుల కాఫీ) పోసి, బాగున్నావా అని, ఎవరి బల్ల దగ్గరికి వాళ్ళం పోయేవాళ్ళం. ఏ పనీ చెప్పకపోయేసరికి పాపం విసుగొచ్చి నా వెనక నిలబడి చూసేవాడు. ఆ రోజు చాలా మర్యాదగా ఇంగ్లీషులో అడిగాడు, ఈ అంకె సరైనదని నీకెలా తెలుసు అని. సాఫ్ట్‌వేర్ చెప్పింది కాబట్టి తెలుసన్నాను. తమ ప్రొఫెసరు ఎప్పుడూ గళ్ళను సగానికి సగం చిన్నవి చేసి మళ్ళీ చూడమనేవాడని, అంకె మారకపోతేనే నమ్మమనేవాడని చెప్పాడు. ఆ సంగతి నాకు తెలియక కాదు. చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. తొందరలో చేయలేదు, అంతే. కానీ నిన్న వచ్చిన మనిషి అడిగితే మండదూ. ఆయన నోరు మూయించడానికే గళ్ళను చిన్నవి చేశాను.

నూట ముప్పై ఒకటి వచ్చింది. మళ్ళీ చిన్నవి చేశాను. నూట తొంభై. ఇంకోసారి. రెండు వందల డెబ్భై. నీలం బొమ్మలో, నడిమి ప్లేటు దూలాన్ని కలిసే మూల దగ్గర, చిన్న ఎర్రటి చుక్క వెలిగింది. మొదట చెమట పట్టింది. తర్వాత, నిజం చెప్పాలంటే, చెప్పలేనంత ఆనందం వేసింది. పెద్ద ప్రమాదాన్ని ఆపబోతున్న మనిషిని నేనే అని తెలిసినప్పటి ఆనందం అది. చొక్కా సర్దుకుని గోదావరి సార్ గదిలోకి వెళ్ళి, ఆ దూలం విరుగుతుందని, రిపోర్టు మీద సంతకం పెట్టనని చెప్పాను. ఆయన నెమ్మదిగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పెద్ద గళ్ళు పెట్టినప్పుడు వచ్చిన అంకె ఉంది కదబ్బాయ్. అదే ఉంచెయ్. నిన్ను చిన్న గళ్ళు ఎవరడిగారు?"

సంతకం పెట్టనని మళ్ళీ అన్నాను. ఆ మాట నా నోటికి ఎంత బాగా నచ్చిందంటే తలుపు దగ్గర ఆగి మూడోసారి కూడా అన్నాను. నా ఇఖామా ఇంకో మూడు వారాల్లో అయిపోతుందని, రెన్యువల్ కాగితం ఆయన బల్ల మీదే ఉందని ఆయన చాలా మెత్తగా గుర్తుచేశాడు. రెన్యువల్ చేయకపోతే చేయకండి అన్నాను. (బయటికి వచ్చాక కార్డు తీసి తేదీ ఇంకోసారి చూసుకున్నాను. కానీ గదిలో చూసుకోలేదు, అది రాసుకోవాలి.)

మర్నాడు పొద్దున్నే టాక్సీ పట్టుకుని యార్డుకు పోయి, దూలం మీద ఎర్ర టేపు చుట్టి, ఎత్తకూడదని రాసిన కాగితం అంటించాను. మేస్త్రీ అన్నది జగిత్యాల దగ్గర పల్లె. క్రేన్ పనుల్లో పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ఉన్నాడు. ఆయన కింద పదిమంది మనవాళ్ళు, ఇద్దరు బంగ్లాదేశ్ వాళ్ళు. వెసెల్ ఎత్తేటప్పుడు దాని పక్కన తాడు పట్టుకుని నిలబడేది వీళ్ళే. వాళ్ళ ప్రాణాలు కాపాడటానికి వచ్చిన నాకు కనీసం ఒక టీ అయినా ఇస్తారనుకున్నాను. మేస్త్రీ అన్న టేపు చూశాడు, కాగితం చూశాడు, నన్ను చూశాడు.

"గళ్ల సారూ, ఇరుగుతదన్న మూల ఏడున్నదో జర సూపెట్టుండ్రి."

చూపించాను. కంప్యూటర్ బొమ్మ కూడా చూపించాను. కత్తిలా పదునుగా ఉన్న మూల, అందులో ఎర్ర చుక్క. ఆయన చేతి తొడుగు తీసి, దూలం దగ్గర వంగి, ఆ మూలలో తన బొటనవేలు పెట్టాడు. బొటనవేలు చక్కగా, ఉయ్యాలలో పాపలా పట్టింది. అక్కడ మూలే లేదు. వెల్డింగు నింపి, గ్రైండర్ పట్టి, నున్నగా గుండ్రంగా చేసి పెట్టారు. డ్రాయింగులో కూడా అలాగే ఉందట. నేను చూడలేదు. "గిది మూల కాదు సారూ, గుండు. పెట్టి సూడుండ్రి" అని నా వేలు పట్టుకుని అక్కడ పెట్టించాడు. చుట్టూ నిలబడ్డ పదిమందీ నా వేలును చూశారు.

ఇందులో కిటుకు చెబుతాను. లోపలి మూలను పూర్తి పదునుగా గీస్తే, అక్కడ గళ్ళు ఎంత చిన్నవి చేస్తే అంకె అంత పెరుగుతూ పోతుంది. ఆగదు. ఇంకో పదిసార్లు చిన్నవి చేసి ఉంటే ఆ దూలం ఖాళీగా నేల మీద ఉన్నా విరుగుతుందని తేలేది. అది ఇనుము చెప్పే మాట కాదు, గీత చెప్పే అబద్ధం. ఇది కూడా చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. టేపు విప్పి, చుట్ట చుట్టి జేబులో పెట్టుకుని, టాక్సీ దొరక్క రోడ్డు దాకా నడిచి వచ్చాను.

ఆఫీసుకు వచ్చి మూలను గుండ్రంగా గీశాను. గళ్ళు చిన్నవి చేస్తూ పోయాను. నూట ముప్పై ఎనిమిది, నూట నలభై ఒకటి, నూట నలభై రెండు, ఆ తర్వాత ఎంత చేసినా నూట నలభై రెండే. ఇలా ఒకచోట కుదురుకోవడమే నిజమైన అంకెకు గుర్తు. హద్దుకు లోపలే ఉంది. తల వంచుకుని గోదావరి సార్‌కు చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా దెప్పలేదు. "కుర్రతనం, ఏం పర్లేదు" అని, బేకరీ నుంచి బస్బూసా అనే రవ్వ మిఠాయి తెప్పించాడు. అందరం తలా ఒక ముక్క తిన్నాం. పచ్చ ఇంజనీరుకు రెండు ముక్కలు ఇచ్చాడు. రిపోర్టు కొత్త అంకెతో మళ్ళీ ప్రింటైంది. నా ఇఖామా కాగితం మీద ఆయన సంతకం పెట్టి పక్కన ఉంచాడు, నా సంతకం అయిపోగానే అది బయటికి వెళ్ళడానికి.

పెన్ను తెరిచాను. పచ్చ ఇంజనీరు నమాజుకు వెళ్తూ, అడగాలా వద్దా అన్నట్టు తలుపు దగ్గర తటపటాయించి, కొక్కెం దగ్గర ఎంత బరువు తేలిందో చూశావా అని అడిగి వెళ్ళాడు. ఇది అన్నిటికన్నా చిన్న పరీక్ష. కింద వేలాడదీసిన బరువు పైన కొక్కెం దగ్గర తేలాలి, అంతే. ఎక్కువ తేలకూడదు, తక్కువ తేలకూడదు. మొత్తం బరువు ఇరవైనాలుగు, నేను గీసింది సగం దూలం, కాబట్టి పన్నెండు కనబడాలి. ఫైలు తెరిచాను. ఆరు కనబడింది.

బరువు రాసిన చోటికి వెనక్కి వెళ్ళి చూశాను. పాత ఇంజనీరు ఫైల్లో పన్నెండు అని రాసి ఉంది. అంటే ఆయన అప్పటికే ఇరవైనాలుగును సగం చేసి పెట్టాడు. నేను వచ్చి, సగం దూలం కదా, సగం బరువు కదా అని ఆ పన్నెండును మళ్ళీ సగం చేశాను. నిజమైన ఒత్తిడి నూట నలభై రెండు కాదు, రెండు వందల ఎనభై నాలుగు. ఆ ఇనుము రెండు వందల యాభై దగ్గరే లొంగిపోవడం మొదలుపెడుతుంది.

గదిలో ఎవరూ లేరు. నోట్లో ఇంకా బస్బూసా తీపి ఉంది. ఫైలు మూసేస్తే ఆ ఆరు సంగతి ఎవరికీ తెలియదు అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను. రెండో ఆలోచన దూలం గురించి కూడా కాదు. మేస్త్రీ అన్న గ్రైండర్ పట్టి అంత నున్నగా చేసిన ఆ మూల గురించి. ఆయన పని ఆయన సరిగ్గా చేశాడు, లెక్క చేయాల్సినవాణ్ణి నేను. ఒళ్ళంతా కోపం వచ్చింది, నా మీదే. పెన్ను మూత పెట్టి గోదావరి సార్ గదిలోకి వెళ్ళాను.

"సార్, నేను సంతకం పెట్టను."

"మళ్ళీనా?" అన్నాడాయన.

జరిగింది చెప్పాను. తప్పు నాదేనని, బరువును రెండుసార్లు సగం చేశానని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఎందుకు నమ్ముతాడు. నిన్న విరుగుతుందన్నాను, ఇందాక విరగదన్నాను, ఇప్పుడు మళ్ళీ విరుగుతుందంటున్నాను. ట్రైలర్ రేపు పొద్దున వస్తుందని, యార్డు వాళ్ళు ఈ పని పోతే ఇంకో పని ఇవ్వరని, పని లేకపోతే ఆఫీసు ఏ రంగులో ఉన్నా ఒకటేనని చెప్పుకొచ్చాడు. ఉన్నట్టుండి ఆ మెత్తదనం పోయింది.

"నా పిల్లల్ని పంపేసుకున్నాను. ఈ ఆఫీసు ఒక్కటే మిగిలింది నాకు. నువ్వు పెట్టకపోతే ఆ సంతకం నేను పెట్టుకుంటాను. నువ్వు వెళ్ళు."

"పెట్టుకోండి సార్. నేను పొయ్యి ఆ దూలం మీద కూచుంటా. ఎట్లెత్తుతారో చూస్తా."

ఆ మాట అనేటప్పుడు అది నేను నిజంగా చేయాల్సి వస్తుందని అనుకోలేదు. కానీ అన్నాక చేయకపోతే ఎలా. మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా యార్డులో దూలం మీద కూర్చున్నాను. ఎనిమిదిన్నరకు అర్థమైంది, జూన్ నెలలో, దమ్మాం ఎండలో, నల్ల రంగు వేసిన ఇనుము మీద కూర్చోవడం ధైర్యం కన్నా ప్యాంటు మందానికి సంబంధించిన విషయమని. తొమ్మిదింటికి ఒక పక్క మీద నుంచి ఇంకో పక్క మీదకు మారుతూ కూర్చున్నాను. దిగలేదు. పనివాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు. ట్రైలర్ డ్రైవరు పాకిస్తానీ, ఈ మనిషికి ఒంట్లో బాగాలేదా అని హిందీలో ఎవరినో అడిగాడు. చివరికి మేస్త్రీ అన్న ఒక అట్టముక్క తెచ్చి, ముందు దీని మీద కూర్చొమ్మని ఇచ్చి, ఎదురుగా గొంతుకు కూర్చున్నాడు.

"నిన్న మూల అన్నరు. ఇయ్యాల ఏందుల్లా?"

"ఇయ్యాల తప్పు దూలానిది కాదన్నా. నాది. ఇరవైనాలుగు టన్నులు మోయాల్సినదాన్ని పన్నెండు టన్నులకే లెక్క చేసినాను."

కోప్పడతాడనుకున్నాను. ఆయన లేచి, క్రేన్ డ్రైవరును ఇంజన్ ఆపమని చెప్పి వచ్చాడు. "నిన్న మాది తప్పన్నరు, నేను నమ్మలే. ఇయ్యాల మీదే తప్పంటున్నరు. తప్పు నాదే అన్నోనికి అబద్ధమాడే పనేమున్నది" అన్నాడు. నా మాట నమ్మిన మొదటి మనిషి ఆయనే. అంతవరకు పొగరుతో కూర్చున్నవాణ్ణి, ఆ మాటతో అట్టముక్క మీద కాస్త జరిగి ఆయనకు చోటిచ్చాను.

నమ్మితే చాలదు, చూపించాలి. అక్కడే అట్టముక్క మీద కూర్చుని ఆలోచించాను. నా తప్పుడు రిపోర్టు ప్రకారం పూర్తి వెసెల్ వేలాడితే దూలం ఐదు మిల్లీమీటర్లు వంగాలి. రిపోర్టు నిజమైతే, సగం బరువుకు రెండున్నరే వంగాలి. నా మాట నిజమైతే సగం బరువుకే ఐదూ వంగిపోవాలి. సగం బరువుకు దూలానికి ఏ ప్రమాదమూ లేదు. యార్డులో తూకం వేసిన కాంక్రీటు దిమ్మెలు ఉన్నాయి. ఒక్కో చివర ఆరేసి టన్నులు వేలాడదీసి, దూలం ఈ చివర నుంచి ఆ చివరకు సన్నటి తీగ లాగి కట్టి, నడుమ స్కేలు పెట్టి చూడటమే. కంప్యూటర్ అక్కరలేదు. మేస్త్రీ అన్న తీగ తానే కట్టాడు, వీణకు కట్టినంత బిగువుగా. ఇంతలో గోదావరి సార్ కారు వచ్చింది. రిపోర్టు చంకలో ఉంది, పక్కన పచ్చ ఇంజనీరు. నేనేం చేస్తున్నానో పచ్చ ఇంజనీరుకు వెంటనే అర్థమైంది. తలగుడ్డ సర్దుకుని వెళ్ళి తీగ రెండో చివర దగ్గర నిలబడ్డాడు.

దిమ్మెలు నేల వదిలి అరచేతి ఎత్తు లేచాయి. అందరూ దూరంగా జరిగారు. ఊగడం ఆగేదాకా ఆగాం. మేస్త్రీ అన్న స్కేలు దగ్గర కన్ను పెట్టాడు. ఎవరి పక్షం మాట్లాడని మనిషి గొంతుతో, "ఐదు" అన్నాడు.

గోదావరి సార్ ఇంకోసారి చూడమన్నాడు. దించి, తీగ సరిచేసి, మళ్ళీ ఎత్తారు. ఈసారి ఆయనే వెళ్ళి, నెరిసిన కనుబొమలు ఎండలో చిట్లించి, వంగి చూశాడు. ఐదు. నిటారుగా లేచాక నావైపు చూడలేదు. కాంక్రీటు దిమ్మెలను చూశాడు, తాళ్ళు పట్టుకుని దూరంగా నిలబడ్డ పదిమందిని చూశాడు. చంకలో ఉన్న రిపోర్టును కారు డిక్కీలో పడేసి, తిరిగి వచ్చి, పైనా కిందా ఎంత మందం ప్లేట్లు కలపాలో లెక్క కట్టమని, ఈసారి కొక్కెం దగ్గర పన్నెండు చూశాకే తనకు చూపించమని చెప్పాడు. ట్రైలర్ డ్రైవరుకు నచ్చజెప్పే పని తనే తీసుకున్నాడు.

ప్లేట్లు కలపడానికి నాలుగు రోజులు పట్టింది. లెక్క మళ్ళీ చేశాను. మూల గుండ్రంగా, గళ్ళు చిన్నవిగా, కొక్కెం దగ్గర పన్నెండు, ఒత్తిడి హద్దుకు లోపల. మళ్ళీ దిమ్మెలు ఎత్తి, మళ్ళీ తీగ కట్టి, లెక్క చెప్పినంతే వంగిందని చూసి, అప్పుడు పెట్టాను సంతకం. వెసెల్ ట్రైలర్ మీదకు ఎక్కేటప్పుడు మేస్త్రీ అన్న తాడు పట్టుకుని అన్నిటికన్నా దగ్గరగా నిలబడ్డాడు. ఏ చప్పుడూ లేకుండా ఎక్కింది. చేసిన పని సరైనదైతే చూడటానికి ఏమీ ఉండదని ఆ రోజే తెలిసింది.

ఇదంతా చూసి దేవుడు మమ్మల్ని పచ్చగా ఉంచాడని రాస్తే బాగుండేది. యార్డు వాళ్ళు నాలుగు రోజులు ఆలస్యం చేశామని తర్వాతి పని వేరేవాళ్ళకు ఇచ్చారు. పచ్చ ఇంజనీరుకు పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది, రావాల్సిందే. ఆయన వెళ్ళిన నెలకే ఆఫీసు ఎరుపులో పడింది. నా కాగితం గోదావరి సార్ అంతకుముందే పంపేశాడు కాబట్టి నా ఇఖామా నిలిచింది, వేరే కంపెనీకి మారాను. ఆయన మాత్రం ఫైనల్ ఎగ్జిట్ తీసుకున్నాడు. దమ్మాం ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. ట్రాలీ తోసుకుంటూ లోపలికి పోయేముందు ఆగి, నేను దూలం మీద కూర్చున్న సంగతి ఫోనులో చెబితే వాళ్ళ అమ్మాయి పడీపడీ నవ్విందని, ఇన్ని నెలల్లో ఆ పిల్ల నవ్వు వినడం అదే మొదటిసారని చెప్పాడు. "చాలా ఒళ్ళు మండించావయ్యా నన్ను" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. తప్పు చేశానని నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోను. కానీ ఆ ట్రాలీ లోపలికి వెళ్ళడం చూస్తుంటే బాధ వేసింది.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక ఆఫీసులో ఇతరుల లెక్కలు సరిచూసే పెద్దమనిషిని. జుట్టు పలచబడింది. కొత్తగా చేరినవాళ్ళకు ఈ కథ చెబుతుంటాను. ఎర్రటి ఎండ, కాలే దూలం, తీగ, "ఐదు" అన్న మాట, అన్నీ చెబుతాను, తప్పెవరిదన్నది మాత్రం ఎప్పుడూ దాటిపోతుంది. కిందటి నెల ఒక కొత్త అమ్మాయి అంతా విని, మిగతావాళ్ళలా నవ్వకుండా, "ఇంతకీ ఆ ఆరు టన్నులు పెట్టిందెవరు సార్?" అని అడిగింది. అంతకుముందు ఎవరో పెట్టారమ్మా అన్నాను. నోట్లోంచి ఎంత తేలికగా వచ్చిందో. ఆ అమ్మాయి తల ఊపి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు ఆ దూలం గుర్తొచ్చింది. జేబులో మూడు వారాల ఇఖామా తప్ప ఏమీ లేని కుర్రవాడు, కాలే ఇనుము మీద కూర్చుని, పదిమంది ముందు, "తప్పు నాదన్నా" అని ఒక్క ఊపిరిలో అనేశాడు. సొంత ఇల్లూ, సొంత క్యాబినూ ఉన్న నాకు ఒక్క అమ్మాయి ముందు ఆ మాట రాలేదు. వాడి ముందు కాస్త సిగ్గుపడి, కాస్త నవ్వుకుని, లేచి ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆ ఆరు పెట్టింది నేనేనమ్మా అని చెప్పాను. మీరు 'ఎవరో' అన్నప్పుడే నాకు తెలిసింది సార్ అంది.